ముంగిటి వింతలు

ఉద్యోగ పరీక్షలకు సిద్ధపడు మన యువజనులు లోకమునందలి వింతలను కంఠస్థము చేయుటలో చూపుచున్న శ్రద్ధ సామాన్యమైనది కాదు. శుక్రగ్రహమున దినము సంవత్సరముకంటె దీర్ఘమైనదట. రష్యాకును అమెరికాకును నడుమ నొకచోట గల దూరము నాలుగు కిలోమీటర్లకు మించదట. భూకేంద్రమునుండి కొలిచినచో అన్నిటికంటె దూరముననున్న శిఖరము ఎవరెస్టు కాదట. దక్షిణ అమెరికాలోని చింబొరాజో అట. ఇట్టి సంగతులు వేలకొలది చిన్న పుస్తకములలో కూర్పబడి అనకాపల్లి బజారునను అమ్ముడగుచున్నవి. బడిపిల్లలు పోటీలలో వీనిని గడగడ ఒప్పగించుచున్నారు. చేతిఫోనులలో నివి గడియకొకటి చొప్పున ప్రత్యక్షమగుచున్నవి. ఈ యుత్సాహమును మేము పరిహసింపబోము. వింతను చూచి నిలువని మనస్సునకు విద్య యబ్బదు. బిడ్డ మొదట నడుగు ప్రశ్న 'అదేమి?' అనునది, వెంటనే యడుగు ప్రశ్న 'ఏల?' అనునది. మన చదువు మొదటి ప్రశ్నకు జవాబును పట్టికలో వ్రాసియిచ్చి, రెండవ ప్రశ్నను నోట రానీయకున్నది. మా యాక్షేపణ యిదియే.

మన భాషలో 'అట' అను చిన్నమాట కలదు. తాను చూడక, విచారింపక, ఒరులు చెప్పగా విన్నదానిని మఱియొకరికి చెప్పునపుడు తెలుగువాడు నిజాయితీతో వాక్యము చివర దీనిని చేర్చును. చెప్పువాని పూచీ యెంతమాత్రమో వినువానికి దీనివలన తెలియును. నేడు మనము సామాన్యజ్ఞానమని పిలుచుచున్నదానిలో చాలభాగము ఇట్టి 'అట'ల మూటయే. చిక్కెక్కడనగా, అచ్చులో పడగానే 'అట' రాలిపోయి, విన్నమాట కన్నమాటగా చలామణి యగుచున్నది.

పై మూడింటినే పరీక్షింతము. శుక్రుడు తన యిరుసుపై ఒకమాఱు తిరుగుటకు మన లెక్కను 243 దినములు పట్టును; సూర్యుని చుట్టివచ్చుటకు 225 దినములు చాలును. దినమనగా ఒక పూర్తి ఆత్మభ్రమణమని అర్థము చెప్పుకొన్నచో పుస్తకపు మాట సత్యమే. కాని దినమనగా ఒక సూర్యోదయమునుండి మఱొక సూర్యోదయము వఱకు గల కాలమని గదా మన నిత్యవ్యవహారము? శుక్రుడు భూమికి వ్యతిరేకదిశలో తిరుగుటచే అచ్చట సూర్యుడు పడమట నుదయించును. ఒక యుదయమునకును మఱొక యుదయమునకును నడుమ దాదాపు 117 దినములే గడచును. ఈ లెక్కను శుక్రుని దినము సంవత్సరముకంటె పొట్టిదే. 'ఏ దినము?' అని యడుగని విద్యార్థి సత్యమును సగమే చేతబట్టుకొని పోవుచున్నాడు.

చింబొరాజో సంగతియు అట్టిదే. భూమి సరియైన బంతి కాదు. తన చుట్టు తాను తిరుగుటచే నడుమ నుబ్బి, ధ్రువములచెంత నణగియున్నది. కేంద్రమునుండి భూమధ్యరేఖకు గల దూరము ధ్రువమునకు గల దూరముకంటె సుమారు 21 కిలోమీటర్లు అధికము. చింబొరాజో భూమధ్యరేఖకు చేరువను ఆ యుబ్బుపై నిలిచియున్నది. ఎవరెస్టు 28 డిగ్రీల ఉత్తరమున నున్నది. సముద్రమట్టమునుండి కొలిచినచో ఎవరెస్టు 8,848 మీటర్లకు పైబడినది, చింబొరాజో 6,260 మీటర్ల యెత్తుగలది. కేంద్రమునుండి కొలిచినచో చింబొరాజోయే దాదాపు రెండు కిలోమీటర్లు మిన్న. ఇక రష్యా అమెరికాల చేరువకు కారణము భూగోళము కొంత, బేరము కొంత. అలాస్కాను రష్యా 1867లో అమెరికాకు అమ్మివేసెను. నాటినుండి బేరింగు జలసంధిలోని రెండు డయోమీడు ద్వీపములు చెరియొక దేశమునకు చెందినవి. దినరేఖయు వాని నడుమనే పోవుచున్నందున, ఆ నాలుగు కిలోమీటర్ల నీటిని దాటగానే తేదీ మాఱిపోవును. కారణము తెలిసినవానికి ఈ మూడును మూడు పాఠములు; తెలియనివానికి మూడు మార్కులు.

పట్టికలలోని వింతలన్నియు సత్యములును కావు. చీనావారి మహాకుడ్యము చంద్రమండలమునుండి కనబడునన్న మాటను ఎన్ని తరముల విద్యార్థులు వల్లించిరో! మానవు డంతరిక్షమున కాలు మోపక మునుపే యీ మాట పుస్తకములలో కెక్కినది. ఆ గోడ వేల కిలోమీటర్ల పొడవుగలదే. కాని దాని వెడల్పు కొలది మీటర్లు మాత్రమే. పొడవైనదెల్ల దూరమునుండి కనబడునన్నచో, తలవెండ్రుక వీథి చివరనుండి కనబడవలసినదే. 2003లో అంతరిక్షమునకు పోయివచ్చిన మొదటి చీనా వ్యోమగామి యాంగ్ లీవే, భూమికి చేరువనే తిరిగియు తనకు గోడ కనబడలేదని చెప్పెను. చంద్రుని మాట అటుంచి, ఇంత దగ్గఱనుండియే అది కంటి కానలేదు. వెడల్పెంతయని ఒక్క విద్యార్థి యడిగియుండినచో ఈ మాట ఆ తరగతిలోనే పడిపోయెడిది.

శుక్రుని, చింబొరాజోను, చీనా గోడను ఇంతగా చదివిన యువకునికి తన యూరి వింతలు ఎంత తెలియును? దూరపు సంగతిలో పొరబడుటవలన కలుగు నష్టము ఒక మార్కు. దగ్గఱి సంగతిని తెలియకపోవుటవలన కలుగు నష్టము అంతతో నాగదు. దీనికి నిదర్శనము అనకాపల్లి పట్టణమునకు మూడు కిలోమీటర్ల దూరముననే యున్నది.

అచ్చట శంకరమను గ్రామము కలదు. ఆ పేరు శంకరునినుండి కాక, బౌద్ధ భిక్షువులు వసించు 'సంఘారామ'మను మాటనుండి వచ్చినదని చరిత్రకారుల యభిప్రాయము. గ్రామమున రెండు కొండలు. తూర్పుననున్నది బొజ్జన్నకొండ, పడమటనున్నది లింగాలకొండ. బొజ్జన్నకొండపై రాతిని తొలిచి గుహలు చేసిరి. వాని యందును గోడలపైనను ఆసీనులైన బుద్ధమూర్తులు కలవు. పైభాగమున కొండరాతినే స్తూపముగా మలచి చుట్టును ఇటుకలు పేర్చిరి. లింగాలకొండపై వరుసలు వరుసలుగా ఏకశిలలో చెక్కిన చిన్న స్తూపములు పెక్కు గలవు. వాని యాకారమును చూచి పిమ్మటివారు లింగములనుకొనుటచే కొండ కాపేరు వచ్చినది. 1906 నుండి 1908 వఱకు అలెగ్జాండరు రీ యను పురాతత్త్వశాఖాధికారి యిచ్చట త్రవ్వించెను. ఇది సుమారు నాలుగవ శతాబ్దినుండి తొమ్మిదవ శతాబ్దివఱకు వర్ధిల్లిన స్థలమని పండితులు నిర్ణయించిరి. థేరవాద, మహాయాన, వజ్రయానములను మూడు దశల గుఱుతులును ఒక్కచోటనే యుండుట దీని విశేషము.

ఆ త్రవ్వకములలో దొరకినవానిలో సముద్రగుప్తుని బంగారు నాణె మొకటి. పాటలీపుత్రము నేలిన రాజు నాణెము శారదానదీ తీరమున కెట్లు వచ్చినది? అలహాబాదు స్తంభముపైని శాసనములో, దక్షిణాపథమున సముద్రగుప్తుడు గెలిచి విడిచిన రాజుల పేర్లు కలవు. పిష్టపురపు మహేంద్రుడు, వేంగి హస్తివర్మ, దేవరాష్ట్రపు కుబేరుడు అందున్నారు. పిష్టపురము నేటి పిఠాపురము. దేవరాష్ట్రము అనకాపల్లికి చేరువనున్న యెలమంచిలి ప్రాంతమని చరిత్రకారులలో పలువురు గుర్తించిరి. నాణెమును దండు తెచ్చెనో, వర్తకుడు తెచ్చెనో, యాత్రికుడు తెచ్చెనో చెప్పలేము. ఒక రాజు నాణెము దొరకినంతమాత్రమున ఆ రాజు అచ్చటికి వచ్చెననుటయు పొరబాటే. కాని ఆ చిన్న నాణెమును చేతబట్టుకొని గుప్తుల చరిత్రను, వర్తకమార్గములను, బౌద్ధ యాత్రలను ఒక్క దినమున పిల్లలకు బోధింపవచ్చును. 'గుప్తులలో దక్షిణాదిపై దండెత్తినదెవరు?' అను ప్రశ్నకు జవాబు తెలిసిన మన విద్యార్థులలో, ఆ నాణెము తన యూరి కొండలో దొరకెనని యెఱిగినవా రెందఱు?

ఈ యెఱుక లేమివలన జరిగినదేమో చూడుడు. కనుమ పండుగనాడు చుట్టుప్రక్కల జనులు ఈ కొండకు తిరునాళ్లవలె చేరుట చిరకాలపు వాడుక. ఆ దినమున, పొట్టవలె కనబడు నొక శిథిలభాగమును రాక్షసుని బొజ్జగా భావించి రాళ్లు రువ్వుట యాచారముగ నుండెడిది. తండ్రి రువ్వెను గనుక కొడుకు రువ్వెను. పదునైదు శతాబ్దులనాడు శిల్పులు ఉలితో నిలిపినదానిని పండుగనాటి చేతులు కొంచెము కొంచెముగ రాల్చినవి. వారసత్వ సంరక్షణకై పాటుపడు ఇన్‌టాక్ సంస్థవారును, అధికారులును, పోలీసులును పూనుకొని యీ యాచారమును నిలువరింపవలసివచ్చెను. రాయి రువ్వినవారు దుష్టులు కారు. వారికెవ్వరును చెప్పలేదు, చెప్పవలసినవారు వేఱు పట్టికలను వల్లింపజేయుచుండిరి. శుక్రగ్రహమును గూర్చి మనము పొరబడినను శుక్రునకు హాని లేదు. బొజ్జన్నకొండను గూర్చి పొరబడితిమి. కొండపై రాళ్లు పడినవి. పోలీసు కాపలాచే ఆగిన చేయి కాపలా తొలగగానే మరల లేవవచ్చును. ఆ కొండ తనదని తెలిసిన చేయి లేవదు.

కొండ దిగి పట్టణములోని బెల్లపు విపణికి వత్తము. దేశమున బెల్లపు విపణులలో రెండవదిగా పేర్కొనబడు బజారు అనకాపల్లిది. ప్రపంచపటమంతయు ఒక్క బెల్లపు దిమ్మలో నిమిడియున్నదన్నచో అతిశయోక్తి కాదు. చెఱకు పుట్టినిల్లు న్యూగినీ ద్వీపమని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అచ్చటివారు వేల యేండ్లక్రిందటనే దానిని సాగునకు తెచ్చిరి. కాని రసమును కాచి గట్టిపఱచు విద్యను లోకమునకు నేర్పినది మన దేశము. క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దిలో అలెగ్జాండరుతో వచ్చిన నౌకాధిపతి నియార్కసు, ఈ దేశమున తేనెటీగలు లేకయే తేనె నిచ్చు రెల్లు కలదని వ్రాసెను. సంస్కృతపు 'శర్కర' అరబ్బుల నోట 'సుక్కర్' అయి, ఐరోపాకు పోయి ఇంగ్లీషువారి 'షుగర్' అయ్యెను. 'ఖండ' శబ్దమే 'క్యాండీ' అయ్యెను. బెల్లమునకు ఇంగ్లీషువారు వాడు 'జాగరీ' యను మాటయు పోర్చుగీసుల నోట మలయాళ దేశమునుండి పోయిన శర్కరయే. మన పిల్లలు తియ్యని బిళ్లను 'క్యాండీ' యని యడుగుచున్నారు. అంగడిలోని కలకండతో దానికి గల చుట్టరికము వారికి చెప్పువారు లేరు.

కొండకును బెల్లమునకును సంబంధము లేకపోలేదు. భిక్షువులకు ఔషధముగా ననుమతింపబడిన అయిదు పదార్థములలో నేయి, వెన్న, నూనె, తేనెలతోపాటు చెఱకు పాకమును కలదు. బౌద్ధము పోయినచోట్లకు ఆ పాకపు విద్యయు వెంటబోయినది. చీనా చక్రవర్తి తాయిజుంగు 647లో మగధకు మనుష్యులను పంపి చక్కెర కాచు విధానమును తెప్పించుకొనెనని చీనావారి చరిత్రలే చెప్పుచున్నవి. చీనా దేశము మనయొద్ద చక్కెర పనిని నేర్చెను. ఉత్తరాదిన చక్కెరకు 'చీనీ' యను పేరు నిలిచెను. ఇంతకంటె వింత యే పట్టికలో దొరకును?

'ఏల?' అని యడుగువానికి బెల్లపు గానుగయొద్ద ప్రశ్నలకు కొదవలేదు. పెనములో కాగు రసమున సున్నపు తేట కలుపుదురు, ఏల? రసములోని పులుపు చక్కెరను విడగొట్టి గడ్డకట్టనీయదు. సున్నము ఆ పులుపును విఱుచును. బెండకాడల జిగురు పోయుదురు, ఏల? ఆ జిగురు మడ్డిని పట్టి పైకి తేల్చును, దానిని తెట్టెగా తీసివేయుదురు. శుద్ధమైన బెల్లము ముదురురంగున నుండుట సహజము. కొనువారు పసుపుపచ్చని దిమ్మనే మెచ్చుటచే కొన్నిచోట్ల రసమున హైడ్రోసను రసాయనమును కలిపి రంగు తేల్చుచున్నారు. కారణమెఱిగిన యిల్లాలు ముదురురంగు బెల్లమునే యడిగి కొనును. ఎఱుగని యిల్లాలు రంగును చూచి మోసపోవును. ఇది పరీక్షలో రాని సామాన్యజ్ఞానము. కాని ప్రతిదినము కడుపులోనికి పోవునట్టిది.

అనకాపల్లిలోని చెఱకు పరిశోధనా కేంద్రము 1913లో నెలకొనినది. నేడది ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు చెందియున్నది. అంతకు ముందేడు, 1912లో, కోయంబత్తూరున చెఱకు వంగడముల పరిశోధన ప్రారంభమయ్యెను. అచ్చట బార్బరు, వేంకటరామన్ గారలు తియ్యని చెఱకును బీడున పెరుగు రెల్లుతో సంకరము చేసి, 1918లో 'కో 205' అను వంగడమును రైతులకిచ్చిరి. తీపి చెఱకుది, మొండితనము రెల్లుది. మన యేటిగట్లపై నెవ్వరును సరకుచేయని రెల్లునకు చెఱకుతో నింత దగ్గఱి చుట్టరికము గలదు. అనకాపల్లి కేంద్రము వెలువరించిన వంగడముల పేర్లలో 'కో' తరువాత వచ్చు 'ఎ' యను నక్షరము మన యూరి పేరే.

చెఱకు ఎండకు వాడక ఏపుగ పెరుగుటకు కారణమును 1960 తరువాతనే శాస్త్రజ్ఞులు తేటపఱచిరి. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టుకొనునపుడు వరివంటి మొక్కలలో మొదట నేర్పడు పదార్థమున మూడు కర్బన పరమాణువులుండును, చెఱకులో నాలుగు. హవాయి ద్వీపములలోని పరిశోధకులు 1965లో దీనిని ప్రకటించిరి. ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ అనువారు ఆ మార్గమును నిరూపించిరి. ఈ నాలుగు పరమాణువుల పద్ధతివలన చెఱకు తక్కువ నీటితో ఎక్కువ ఎండను వాడుకొనును. అదే పద్ధతిని వరిలో ప్రవేశపెట్టవలెనని నేడు కొన్ని దేశముల శాస్త్రజ్ఞులు శ్రమించుచున్నారు. చెఱకుమడి ప్రక్కనే వరిమడి గల మన రైతుబిడ్డలలో నొకడు ఈ పనిలో నేల పాల్గొనరాదు? వాని తండ్రి పొలమే వానికి ప్రయోగశాల కదా!

చెఱకు తీపి వెనుక కన్నీరును కలదు. కొలంబసు 1493లో తన రెండవ యాత్రయందు చెఱకును అమెరికా దీవులకు కొనిపోయెను. ఆ తోటలలో పనిచేయుటకు ఆఫ్రికా జనులను బానిసలుగా తరలించిరి. బ్రిటిషు సామ్రాజ్యమున బానిసత్వము రద్దుకాగానే, 1834నుండి మన దేశపు కూలీలను ఒప్పందముపై మారిషసునకు ఎక్కించిరి. 1860నుండి నటాలునకు, 1879నుండి ఫిజీకి ఓడలు సాగెను. మారిషసు నొక్కదానికే నాలుగున్నర లక్షల మందికి పైగా పోయిరి. వారిలో తెలుగువారు గణనీయులు. గోదావరీముఖమునందలి కోరంగి రేవునుబట్టి అచ్చటివారు మనవారిని 'కోరంగీలు' అని పిలిచిరి. పోయినవారిలో అనేకులు తిరిగిరాలేదు. నేడు మారిషసులో ఉగాది ప్రభుత్వపు సెలవుదినము. సముద్రము నడుమ నొక చిన్నదేశమున తెలుగువారి పండుగకు కచేరీలు మూసివేయుదురన్నది మంచి వింతయే. కాని ఆ సెలవు వెనుక ఓడ యెక్కిన తాతముత్తాతల చెమట యున్నదని చెప్పక, ఆ వింతను మాత్రము చెప్పుట న్యాయము కాదు.

శాస్త్రము పరదేశమున పుట్టునదే గాని మనకు చెందినది కాదను న్యూనతాభావము పట్టికల చదువువలన కలుగుచున్నది. అనకాపల్లి జమీనుతో సంబంధముగల గోడే వంశమున పుట్టిన వేంకట జగ్గారావుగారు 1840లోనే విశాఖపట్టణమున సొంత వ్యయముతో నక్షత్రశాలను నెలకొల్పిరి. వారి యల్లుడు అంకితం వేంకట నరసింగరావుగారు అచ్చటనుండి 1874 డిసెంబరున సూర్యబింబముపై శుక్రుడు దాటుటను పరిశీలించి, లండనులోని రాజకీయ ఖగోళసంఘమువారి పత్రికకు వ్రాసిరి. శుక్రుని దినమును వల్లించు విద్యార్థికి, ఆ శుక్రునే దుర్భిణితో పట్టిన తెలుగువాని పేరు తెలియవలదా? 1868 ఆగస్టు 18నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు ఫ్రాన్సు దేశపు జాన్సెన్ గుంటూరున దిగెను. పాగ్సన్ మచిలీపట్టణమున నిలిచెను. ఆ గ్రహణమున కనబడిన పసుపువన్నె రేఖ, తెలిసిన యే మూలకమునకును చెందనిదని పిమ్మట లాకియరు నిశ్చయించి, గ్రీకుభాషలోని సూర్యుని పేరిట దానికి హీలియమని నామకరణము చేయించెను. భూమిపై ఆ వాయువు 1895లోగాని చేజిక్కలేదు. 'హీలియమును కనుగొన్నదెవరు?' అను ప్రశ్నకు ఒక్క పేరు చాలును. ఆ కథకు పలువురు మనుష్యులు, ఇరువదియేడు సంవత్సరములు, మన కోస్తాలోని రెండూళ్లు కావలసివచ్చినవి.

'ఈ యుపదేశము తీరిక గలవారికి తగును. ఉద్యోగముకై తహతహలాడు పేదయువకునికి కారణములు వెదకు కాలమెక్కడిది?' అని కొందఱడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. పరీక్షించువారు పట్టికను కోరుచుండగా పట్టికను చదువువానిని తప్పుపట్టుట తగదు. తప్పు ప్రశ్నను కూర్చువారిది. 'ఎత్తైన శిఖరమేది?' అని యడుగుటకు మాఱుగా, 'ఎత్తును రెండు విధముల కొలిచినచో రెండు శిఖరములు వచ్చుటకు కారణమేమి?' అని యడిగినచో, చదువు దానంతట నదియే దారి మార్చుకొనును. కారణముతో చదివినది మఱవబడదు; వేయి విడిమాటలను మోయుటకంటె నూఱు కారణములను మోయుట తేలిక. కావున ఈ మార్గము పేదయువకునికే యెక్కువ లాభకరము.

విజ్ఞానమును తెలుగున అందింపవలెనను సంకల్పము నూతనమైనది కాదు. కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించుటకు ముఖ్యులైరి; తరువాత ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు పూనుకొని, 'అ'కారముతో మొదలిడి సంపుటములు వెలువరించుచు, 1923లో కీర్తిశేషులైరి. ఆ పనిని పిమ్మట కాశీనాథుని నాగేశ్వరరావుపంతులుగారు మరల చేపట్టిరి. ఆ మహనీయులు తెలుగువారికి ఈయదలచినది విడివిడి వింతల పట్టిక కాదు. ప్రతి విషయమునకు మూలమును, కారణమును, చరిత్రను చెప్పు గ్రంథమును వారు తలపెట్టిరి. వారు 'అ'కారముతో మొదలిడిన దానిని మనము 'అట'తో ముగింపరాదు.

కావున మేము కోరునది స్వల్పము. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి ప్రత్యేక జిల్లాగా నేర్పడినది. ఈ జిల్లాలోని ప్రతి ఉన్నతపాఠశాలయు ఏటికి మూడు దినములు, ఒకటి శంకరము కొండలకు, ఒకటి చెఱకు పరిశోధనా కేంద్రమునకు, ఒకటి బెల్లపు గానుగకును విపణికిని కేటాయించుగాక. పిల్లలు అచ్చట జవాబులు వ్రాసికొని రావలదు; తలకు మూడు ప్రశ్నలు వ్రాసికొని రావలెను. ఉపాధ్యాయులు వానికి జవాబులు వెదకి తెలుగున చెప్పవలెను. తమకు తెలియనిచో పరిశోధకులను, పాకము కాచువారిని పిలిచి చెప్పింపవలెను. పెనముచెంత నలువదియేండ్లు నిలిచిన వానికి తెలిసినది పుస్తకములలో నంతయు లేదు. గ్రంథాలయములు నెలకొక సాయంకాలము ఈ ప్రశ్నల నిమిత్తము తలుపులు తెఱచియుంచవలెను. దీనికి పెద్ద పెట్టుబడి యక్కఱలేదు.

వచ్చు కనుమనాడును జనులు బొజ్జన్నకొండకు పోవుదురు. పోవలసినదే, పండుగకు తగిన చోటది. ఆ గుంపులో నొక పదియేండ్ల పిల్ల తన తాతను చేయిపట్టి గుహయొద్దకు కొనిపోయి, 'తాతా, ఇది రాక్షసుని బొజ్జ కాదు; ఇచ్చట భిక్షువులు చదువు చెప్పుకొనిరి. ఏల ననగా...' అని కారణములు చెప్పగలిగిన దినమున, ఆ కొండకు పోలీసు కాపలా యవసరముండదు. అట్టి పిల్లను తయారుచేయుట మన బడుల పని.